ఎగరని విమానాలు

క్రిందటి సంచికలో పాత నాణేల గురించి రాస్తే, "బ్యాంకు ఉద్యోగం చేసేవారికి డబ్బు తప్ప ఇంకేమీ కనబడదా?" అని ఒక సోదరి చమత్కరించారు. ఆవిడ మాట మన్నించి ఈసారి పైసా రాబడి లేని వ్యవహారం ఒకటి ఎత్తుకుంటున్నాను. ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాల నమూనాలు తయారుచెయ్యడం. అవి కూడా నిజంగా ఆకాశంలో ఎగిరిన విమానాలు కావు. చిన్నప్పుడు తెర మీద చూసి నోరు వెళ్లబెట్టిన కల్పిత విమానాలు, వ్యోమనౌకలు.

యాభై దాటిన మనిషికి ఇదేం పని అని మా ఆవిడ ఇప్పటికే అడిగింది. కాబట్టి మీరు ప్రత్యేకంగా అడగనక్కర్లేదు.

నేను పుట్టి పెరిగింది కామాఠీపురలో. ఫాక్‌లాండ్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే అంకెలే పేర్లుగా ఉన్న గల్లీలు వస్తాయి. ఆ రోడ్డుకు మరాఠీ లావణీ కవి పట్ఠే బాపూరావు పేరు పెట్టి చాలా కాలమైంది గానీ, అక్కడివాళ్లందరికీ అది ఇంకా ఫాక్‌లాండ్ రోడ్డే. నిజాం ఇలాకా నుంచి తాపీ పనికీ, మట్టి పనికీ వలస వచ్చిన తెలుగు కామాఠీల వల్లే మా పేటకు ఆ పేరు వచ్చింది. ఈ మహానగరంలో ఎన్నో గోడలు లేపిన చేతులవి. కానీ పేట పేరు లోకానికి తెలిసింది వేరే కారణాన. ఆ కారణం మీకూ తెలుసు, నేను రాయనక్కర్లేదు. ఆ గల్లీల్లోనే మేస్త్రీలు, మిల్లు కార్మికులు, బీడీలు చుట్టే అమ్మలు పిల్లల్ని బడికి పంపుతూ, పండగలు చేసుకుంటూ బతికారన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

మాది పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న ఖోలీ. అందులో ఏడుగురం. నాయిన తాపీమేస్త్రి.

బొంబాయిలో దూరదర్శన్ 1972 అక్టోబరు 2న మొదలైంది. మా చాల్‌కు టీవీ రావడానికి మరో పదేళ్లు పట్టింది. వచ్చింది కూడా ఒక్క ఇంటికే. వాళ్లు పుణ్యాత్ములు. ఆదివారం పొద్దున తలుపు తెరిచిపెట్టేవారు. గది నిండితే మిగిలినవాళ్లం వరండాలో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేవాళ్లం. 1980ల్లో అలా చువ్వల మధ్య నుంచే 'స్టార్ ట్రెక్' చూశాను. అమెరికాలో అది 1966 నుంచి 1969 దాకా 79 భాగాలుగా వచ్చిన ధారావాహిక. మనదాకా వచ్చేసరికి అక్కడ పాతబడిపోయింది. మాకు మాత్రం సరికొత్తది. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అర్థం కాకపోయినా నష్టం లేదు. ఎంటర్‌ప్రైజ్ అనే ఆ నౌక నక్షత్రాల మధ్య నుంచి అలా జారిపోతుంటే చాలు.

దాని ఆకారం గుర్తుంది కదా? ముందు పెద్ద పళ్లెం, కింద పొడుగాటి పొట్ట, వెనక రెండు ఊతల మీద రెండు గొట్టాల ఇంజన్లు. నేను బూట్‌పాలిష్ డబ్బా మూత పళ్లెంగా, అగరువత్తుల గొట్టం పొట్టగా, ఇంకు అయిపోయిన రెండు పెన్నులు ఇంజన్లుగా పెట్టి ఒకటి తయారుచేశాను. నాయిన పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"గిదేం ఇమానంరా? రెక్కలే లెవ్వు."

"ఇది అసలు లేదు నాయినా. టీవీలోనే ఉంటది."

"లేని ఇమానానికి కొలతలు ఏడికెల్లి తెస్తవురా?"

మేస్త్రి అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. 1987 జనవరి 25న 'రామాయణ్' మొదలయ్యాక ఆయన మళ్లీ అదే అడిగాడు. పుష్పక విమానం చెయ్యబోయాను. బ్రహ్మ కోసం విశ్వకర్మ చేస్తే, కుబేరుడి చేతికి వచ్చి, రావణుడు లాక్కుంటే, చివరికి రాముణ్ణి అయోధ్యకు చేర్చిన విమానం. కానీ కేలెండరులో ఒక రకంగా ఉంది, టీవీలో ఒక రకంగా ఉంది, మా అవ్వ చెప్పేది మరో రకంగా ఉంది. అట్టముక్కలతో మూడంతస్తులు లేపాక కూలిపోయింది.

నాయిన ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. లేని విమానానికి కూడా కొలతలుంటాయి. ఎందుకంటే తెర మీద ఎగరాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని చేత్తో చెయ్యాలి. ఎంటర్‌ప్రైజ్‌కు రూపమిచ్చిన మాట్ జెఫ్రీస్ స్వతహాగా విమానాల మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో పనిచేసినవాడు. ఆయన గీతల ప్రకారం 1964లో పదకొండడుగుల నమూనా తయారైంది. దాన్నే కెమెరా ముందు పెట్టి తీశారు. ఆ నమూనా 1974లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ వారి విమాన, అంతరిక్ష మ్యూజియానికి చేరింది. బాగుచేసి 2016లో మళ్లీ ప్రదర్శనకు పెట్టారు. రైట్ సోదరుల 1903 నాటి అసలు విమానం ఉన్నది కూడా ఆ మ్యూజియంలోనే. ఎగిరిందీ, ఎగరనిదీ ఒక్క కప్పు కిందే ఉన్నాయన్నమాట.

మన సినిమాలు ఇందులో తీసిపోలేదు. 1957 నాటి 'మాయాబజార్'లో మనం చూసిన ద్వారకానగరం కళాదర్శకులు గోఖలే, కళాధర్‌లు చేయించిన బుల్లి నమూనా. యాభై అడుగులకు అరవై అడుగుల జాగాలో మూడు వందల బొమ్మ ఇళ్లు. ఆ సంగతి తెలిశాక ఆ సినిమా మీద ఇష్టం తగ్గిందేమో అనుకున్నాను. తగ్గకపోగా మరో రెండుసార్లు చూశాను.

ఇంకో తమాషా చెబుతాను. 1977 నాటి 'స్టార్ వార్స్' నౌకల మీద బోలెడు గొట్టాలు, పెట్టెలు, పలకలు అతికించి ఉంటాయి. అవన్నీ ఆ పనివాళ్లు దుకాణాల నుంచి టాంకుల కిట్లు, ఓడల కిట్లు కొనుక్కొచ్చి, వాటిలోంచి తీసి అంటించిన ముక్కలే. అంతకు పదేళ్లకు పైగా ముందే ఇంగ్లండులో 'థండర్‌బర్డ్స్' అనే బొమ్మల ధారావాహికకు డెరెక్ మెడింగ్స్ బృందం ఇదే పని చేసింది. అంటే పిల్లల ఆటబొమ్మల్లోంచి సినిమా నౌకలు పుట్టాయి, ఆ సినిమా నౌకల్లోంచి మళ్లీ పిల్లల ఆటబొమ్మలు పుట్టాయి. డెబిట్, క్రెడిట్ సరిపోయాయి.

కొలతల లెక్క కూడా మా లాంటివాళ్లకు ముచ్చటైన లెక్కే. విమానాల నమూనాల్లో బాగా వాడుకలో ఉన్నది 1:72. అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు. ఆ లెక్కన మా ఖోలీ పొడుగు రెండంగుళాలు, వెడల్పు అంగుళంన్నర పైచిలుకు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఏడుగురం అందులోనే పెరిగాం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నాళ్లూ ఈ శీర్షికలో రాయడానికి వెనకాడిన సంగతి.

బీకాం చదివే రోజుల్లో నాకొక మిత్రుడు ఉండేవాడు. గుజరాతీ కుటుంబం, మలబార్ హిల్ వైపు ఇల్లు. అతనికీ ఎంటర్‌ప్రైజ్ పిచ్చే. అతని మేనమామ అమెరికా నుంచి ఒక కిట్ తెచ్చాడు. 1966లోనే మొదటిసారి మార్కెట్లోకి వచ్చిన ఏఎంటీ కంపెనీ కిట్ అది, తర్వాతి ముద్రణ. పూర్తయితే పదిహేడున్నర అంగుళాల పొడుగు. కథ ప్రకారం నౌక 947 అడుగులు కనుక, సుమారు 1:650 లెక్క. అతను ఒక్కడే మొదలుపెట్టొచ్చు. కానీ "ఇద్దరం కలిసి చేద్దాం, ఒక వారం మా ఇంట్లో, ఒక వారం మీ ఇంట్లో" అన్నాడు.

మా ఇంట్లో!

కాలేజీలో ఎవరడిగినా నేను "ముంబై సెంట్రల్ దగ్గర" అని చెప్పేవాణ్ణి. అబద్ధమని అనలేరు. రెండింటికీ బొంబాయి-8 అనే ఒకటే పిన్‌కోడు. కామాఠీపుర అన్నామంటే ఎదుటివాడి ముఖంలో ఒక వెకిలి నవ్వు వచ్చేది. దాన్ని ఒకసారి చూసినవాడు రెండోసారి ఆ పేరు ఎత్తడు. నేను ఆ మిత్రుడి ఇంటికి నాలుగైదుసార్లు వెళ్లాను, వాళ్ల అమ్మగారి చేతి ఢోక్లా తిన్నాను. అతను మా ఇంటికి వస్తానన్నప్పుడల్లా ఒకసారి చుట్టాలొచ్చారనీ, ఒకసారి అవ్వకు ఒంట్లో బాగాలేదనీ, మరోసారి సున్నాలు వేస్తున్నారనీ చెప్పాను.

1989లో పరీక్షలయ్యాక అతను పై చదువుకు అమెరికా వెళ్లేముందు, ఆ పెట్టె తీసుకుని వస్తున్నాను, ఇంటి గుర్తులు చెప్పమన్నాడు. మరాఠా మందిర్ సినిమా హాలు దగ్గర ఉండమన్నాను. అక్కడికి మా గల్లీ నడిచి వెళ్లే దూరమే. అతను టాక్సీ దిగి, పెట్టె చంకలో పెట్టుకుని, "పద, ఎటు?" అన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు, తాళం వేసి ఉందన్నాను. మా ఇంటికి పగటిపూట తాళం వేయడం నా ఎరుకలో లేదు. అతను నా ముఖం వంక ఒక క్షణం చూశాడు. ఏమీ అనలేదు. "అయితే నువ్వే చెయ్యి. అయ్యాక ఫోటో పంపు," అని పెట్టె నా చేతిలో పెట్టి, అదే టాక్సీలో వెళ్లిపోయాడు.

నేను ఆ పెట్టె విప్పలేదు. అటక మీద పెట్టాను. అతను రాసిన రెండు ఉత్తరాలకు జవాబు కూడా రాయలేదు. ఏమని రాయను?

స్మిత్‌సోనియన్‌లో ఉన్న ఆ పెద్ద నమూనా గురించి తర్వాత ఒక సంగతి చదివాను. దాని దీపాల వైర్లన్నీ ఎడమవైపు నుంచి లోపలికి వెళ్లేవట. అందుకని ఆ పక్క పూర్తిగా తీర్చిదిద్దలేదు, కెమెరాకు కుడివైపే చూపించేవారు. చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత నవ్వు రాలేదు. కాలేజీ మూడేళ్లూ నేను చేసిందీ అదే.

ఇప్పుడు కామాఠీపురను పడగొట్టి కొత్తగా కట్టే పథకం మ్హాడా చేతిలో ఉంది. మా ఖోలీలో అన్నావదినలు ఉంటున్నారు. అన్న కూడా నాయినలాగే మేస్త్రి. మోకాళ్ల నొప్పులతో పని మానేశాడు. మొన్న చలికాలంలో అటక సర్దుతూ ఫోన్ చేశాడు.

"తమ్మీ, నీ ఇమానం డబ్బ ఈడనే ఉన్నదిర. పారెయ్యాల్నా, తీస్కపోతవా?"

"పారెయ్యకన్నా. వస్తున్న."

ఠాణాలో మా ఫ్లాటులో దానికి ప్రత్యేకంగా బల్ల ఉంది. ఇప్పటికి అయిదారు నమూనాలు ఆ బల్ల మీదే చేశాను. తీసుకుపోదామనే వెళ్లాను. కానీ పెట్టె మూత తీసి, ఆ తెల్లటి ముక్కలు చట్రాలతో సహా అలాగే ఉండడం చూశాక, దీన్ని ఇక్కడే చెయ్యాలనిపించింది. తొమ్మిది ఆదివారాలు వెళ్లాను. వదిన వంటగట్టు పక్కన జాగా ఇచ్చింది.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. కిట్‌లో ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. విరవకూడదు, చిన్న కట్టర్‌తో కత్తిరించాలి. మిగిలిన బొడిపెను సాండ్‌పేపరుతో నున్నగా రుద్దాలి. జిగురు మామూలు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగిస్తుంది. కరిగిన రెండంచులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి. వాసన ఘాటుగా ఉంటుంది కనుక కిటికీ తెరిచి ఉంచాలి. దాన్ని ప్లాస్టిక్ సిమెంట్ అంటారు. ఆ మాట విని అన్న సీసా చేతిలోకి తీసుకుని, "గింత సీసల సిమెంటా! నలబై ఏండ్లు బస్తాలు మోసిన నేను," అని చాలాసేపు నవ్వాడు.

ఈ కిట్‌కు ఒక ప్రసిద్ధమైన జబ్బు ఉంది. వెనక రెండు ఇంజన్లూ సన్నటి ఊతల మీద నిలబడాలి. బరువు పైన, పట్టు కింద. కొన్నాళ్లకు అవి అలసిపోయిన చేతుల్లా వాలిపోతాయి. దేశదేశాల్లో దీన్ని చేసినవాళ్లందరూ ఈ బాధ పడ్డవాళ్లే. నేను సూచనల కాగితం చూస్తుంటే, అన్న కళ్లద్దాలు పెట్టుకుని పొట్ట భాగాన్ని తిప్పి చూశాడు.

"సలాక లేని సజ్జ ఎన్నొద్దులు నిలుస్తది తమ్మీ? లోపల అడ్డం కట్టు."

పొట్ట మూసేముందు ఊతలు దూరే చోట లోపలి పక్క ప్లాస్టిక్ దిమ్మె అడ్డంగా అతికించాం. సన్నటి రంధ్రాలు చేసి ఇత్తడి తీగ దించాం. జిగురు ఆరేదాకా రెండు ఇంజన్ల కిందా అగ్గిపెట్టెలు దొంతరగా పేర్చి ఆసరా పెట్టాం. అన్న చిన్న రసమట్టం తెచ్చి మరీ చూశాడు. ఒక రోజంతా ముట్టుకోవద్దని మనవరాలికి ఆజ్ఞ. ఇప్పటికి నెలలు దాటాయి, వెంట్రుకవాసి వాలలేదు. నాయిన ఉంటే చూపించేవాణ్ణి. కొలతలు దొరికాయని చెప్పేవాణ్ణి.

మనవరాలికి పదేళ్లు. "చిన్నతాతా, ఇది నిజంగా ఎగిరిందా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఎందుకు ఇంత జాగ్రత్తగా చేస్తున్నారు?" అంది. నేను తడుముకుంటుంటే వాళ్ల తాత అందుకున్నాడు. "ఎగిరేదైతే ఎగిరిపోతుండె బిడ్డా. గిది ఇంట్లనే ఉంటది."

చివరి పని డెకాల్స్. అంటే నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి అంటించే అక్షరాలు, గుర్తులు. ముప్ఫై ఏళ్లు దాటిన డెకాల్స్ పసుపు పచ్చగా మారిపోతాయి, నీళ్లు తగలగానే పొడిపొడిగా విడిపోతాయి. దీనికో చిట్కా ఉంది. ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి ఎండ తగిలేలా కొన్ని రోజులు అతికించి ఉంచితే పసుపుదనం చాలావరకు పోతుంది. ఆ పైన పారదర్శకమైన వార్నిష్ పలచగా కొడితే విడిపోకుండా నిలుస్తుంది. మా కిటికీ గల్లీ వైపే ఉంది. ఎంటర్‌ప్రైజ్ పేరూ, నంబరూ రెండు వారాలు కామాఠీపుర ఎండకు ఆరాయి.

అంటించే రోజు వచ్చాక చెయ్యి ఆగింది. కాలేజీ పాత మిత్రుల ద్వారా అతని నంబరు సంపాదించాను. ఫోటో తీసి పంపి, కింద ఇలా రాశాను: "నువ్విచ్చిన కిట్. పూర్తి కావచ్చింది. చేసిన చోటు: ముంబై-8, కామాఠీపుర, మా ఇల్లు. ఆ రోజు తాళం వెయ్యలేదు. నన్ను క్షమించు."

రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రోజులూ బ్యాంకులో నేను పాస్ చేసిన ఓచర్లు మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది. మూడో రోజు వచ్చింది. "డిసెంబరులో ముంబై వస్తున్నాను. ఈసారైనా ఇంటికి రమ్మంటావా, మళ్లీ సినిమా హాలు దగ్గరికేనా?"

ఇంటికే, అని రాశాను. గల్లీ నంబరు, చాల్ పేరు, అంతస్తు, తలుపు గుర్తు, అన్నీ రాశాను. ఇంత పూర్తిగా మా చిరునామా నేనెవరికీ ఇవ్వలేదు. వదిన అప్పుడే ఏం వండాలో ఆలోచిస్తోంది. అన్న మెట్ల దగ్గర కొత్త బల్బు పెట్టించాడు.

మీ పిల్లలకు ఈ సరదా అలవాటు చెయ్యాలనుకుంటే మొదటే ఇంత పెద్దది వద్దు. జిగురు అక్కర్లేకుండా నొక్కితే అతుక్కునే కిట్లు జపాన్ బాండాయ్ కంపెనీవి దొరుకుతున్నాయి. కట్టర్, సాండ్‌పేపరు ఉంటే చాలు. బ్లేడు మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ముఖ్యమైన మాట ఒకటి. ఒక్కరే కూర్చుని చెయ్యనివ్వకండి. పక్కింటి పిల్లవాణ్ణో, బడి స్నేహితురాలినో ఇంటికి పిలవమనండి. ఇల్లు ఎంత చిన్నదైనా సరే.

నౌక ఇప్పుడు వంటగట్టు పైన అరలో ఉంది. రంగులన్నీ అయిపోయాయి. పేరూ, నంబరూ ఇంకా అంటించలేదు. డిసెంబరు దాకా ఆగుతాయి.